పసుపు సీసాలు

సకలజనుల సమ్మెకు బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. జగిత్యాల కాలేజీ నుంచి లారీ ఎక్కి పెగడపల్లి చేరిన కూతురు, గడపలోనే తల్లిని అడిగింది.

"అవ్వా, దాసిపెట్టుమని నేనిచ్చిన పన్నెండు సీసాలు పక్కింటి వజీరున్నీసా ఖాలా ఫ్రిజ్‌ల లేవట. ఏడున్నయే?"

"కరెంటు లేక ఫ్రిజ్ లోపల ఉడుకుతుంటే నేనే తెచ్చిన. గా మూలకు కుండల పెట్టిన."

"కుండలనా! మూతికి గీ మన్నేంది?"

"చెడిపోవద్దన్నవ్ గద, విత్తనమనుకున్న. విత్తనం పసుపును నీడకు కుప్పవోసి, ఆకులు కప్పి, మన్నూ పెండా కలిపి అలుకుతం. గట్లనే జేసిన."

"విత్తనం కాదే! పసుపుల మందుగుణం తీసి, కంటికి కనవడని రవ్వలు జేసి, ఒక్కొక్కదానికి పూత పెట్టినం. పాలల్ల కలిపి తాగితే ఒంటికి పట్టాలె. ఉడుకు తాకినా, వెలుగు తాకినా రంగు పోతది. కాలేజీల మూడేండ్ల కష్టం అవ్వా!"

"ఆగు, మన్ను పలగ్గొడ్త. ఇగో, సూస్కో... ఏడుస్తున్నవేందే? చెడిపోయినయా?"

"లేదవ్వా, పచ్చగనే ఉన్నయ్! ఒక్కటి గూడ పాడుగాలే. ఫ్రిజ్‌లనే ఉంటే అన్నీ పోతుండె."

"మేం కుప్పకు పూత పెడ్తం, నువ్వు రవ్వకు పెట్టినవ్. గంతే గద?"

"గంతేనే. అయినా మనకు గుంటెడు భూమి లేకపాయె, విత్తనం దాసుడు నీకెట్ల తెలుసు?"

"ఇరవై ఏండ్ల సంది కూలికి పోయి పరాయోళ్ల విత్తనం దాసిన బిడ్డా. మనింటిది దాసుడు గిదే మొదలు."