సోమలింగం పాస్టరు గారి ఇస్త్రీ బండి

(సూరత్, ఆల్థాన్‌లోని తెలుగు ప్రార్థన మందిరం. 2021 నవంబరు. సంఘం ఇచ్చే జీతం వదులుకుని వేరే పనిలోకి వెళుతున్న పాస్టరు సోమలింగం గారు, తన వీడ్కోలు సభలో మాట్లాడిన మాటలు.)

సభకు అధ్యక్షత వహించిన డాక్టర్ సాయిచరణ్ గారికి, సంఘ పెద్ద రాజమల్లు గారికి, పెద్దలకు, తల్లులకు, మరమగ్గాల సాంచాల మీద షిఫ్టు మార్చుకుని మరీ వచ్చిన తమ్ముళ్లకు, వెనక వరుసలో కూర్చుని ఇవాళ నా వైపు చూడకూడదని గట్టిగా నిర్ణయించుకున్న నా భార్య పద్మారాణికి, ప్రభువు పేరిట వందనాలు. (నవ్వులు)

డాక్టరు గారు నన్ను ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. రెండేళ్లుగా ఆయన చెప్పిన మాస్కులన్నీ పెట్టుకున్నాను, ఆయన పొడిచిన సూదులన్నీ పొడిపించుకున్నాను గానీ ఈ ఒక్క మందు మాత్రం నాకు పడదు. నెల రోజులుగా కామ్‌రేజ్‌లో తెలిసినతని దగ్గర ఇస్త్రీ పని నేర్చుకుంటున్నాను. రేపటి నుంచి అక్కడే, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల ముందు నా సొంత బండి పెడుతున్నాను. మీరు ఇందాక కప్పిన ఈ శాలువా ముడతలు చూసినప్పటి నుంచి నా చెయ్యి ఊరుకోవడం లేదు. (నవ్వులు)

రాజమల్లు గారు లేచి, నేను జీతం వద్దన్నా సరే, సంఘం నాకు నెలనెలా ఇచ్చేది ఆపదని ప్రకటించారు, మీరంతా చప్పట్లు కొట్టారు. మొన్న మా ఇంటికొచ్చి ఆయన అన్న మాట కూడా మీరు వినాలి. “అయ్యగారూ, జర మా ఇజ్జత్ గూడ చూడుండ్రి. మా పాస్టరు రోడ్డు మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంటే మేం ఏ మొఖం పెట్టుకొని తిరగాలె?” అన్నారు. తల దించుకోకండి రాజమల్లు గారూ, అందులో ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు. అయినా ఆ సొమ్ము నేను తీసుకోను. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి, మీలో సగం మంది రైళ్లెక్కి ఊళ్లకు పోయి, ఉన్నవాళ్ల పొయ్యి వెలగడమే కష్టమైన రోజుల్లో కూడా మా గుమ్మం ముందుకు బియ్యం సంచి రావడం ఆగలేదు. ఆ అన్నం తిన్నాను, అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు దారి ఉంది, చేతుల్లో సత్తువ ఉంది.

ఈ హాల్లో ఖాళీ కుర్చీలు చూస్తున్నారు. అన్నీ దూరం పాటించడానికి వేసినవి కావు. కరోనాలో మనల్ని విడిచిపోయినవాళ్ల పిల్లలున్నారు, వాళ్లకు ఇంకా పని దొరకలేదు. సంఘం చేతిలో ఏమన్నా ఉంటే అది అక్కడికి పోవాలి.

ఇప్పుడు కనకయ్య సంగతి చెబుతాను, అతని అనుమతి తీసుకునే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు సాంచా మీద బతికిన మనిషి, కార్ఖానా మూతపడగానే భార్యాభర్తలిద్దరూ కలిసి సకినాలు మొదలుపెట్టారు. కొత్త పని మొదలుపెట్టినవాళ్లు మొదటి ఫలం మందిరానికి తెచ్చి ప్రార్థన చేయించుకోవడం, దాన్ని మనం వేలం పాడుకోవడం మన అలవాటు కదా. ఆ రోజు కనకయ్య సకినాలకు పాట ఎంత ఎక్కిందంటే, బంగారం దుకాణం వాళ్లు వింటే అసూయపడేవాళ్లు. నేనూ పీఠం మీద నుంచి దేవుడు ఆశీర్వదించిన చేతులివి అన్నాను. మీరు ఆమేన్ అన్నారు. కొరికి చూసిన ప్రతివాళ్లకూ అవి రాళ్లని తెలుసు. ఒక్కరమూ నోరు విప్పలేదు. పాపం, కష్టంలో ఉన్నాడు, మనసు నొచ్చుకుంటాడని అందరం నవ్వు మొహం పెట్టి నమిలాం.

ఆ ధైర్యంతో అతను ఇక్కడికి దగ్గర్లోని కిమ్ ఊరి బజారులో మూల చూసుకుని కూర్చున్నాడు. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి రాలేదు. చివరికి మన బుచ్చవ్వ అతని ఇంటికి పోయింది. “బిడ్డా కనకయ్యా, గుళ్లె నిన్ను మెచ్చుకున్నోళ్లు ఎవ్వరు నిజం చెప్పలే. నీ సకినాలు తినొస్తలేవు. గిట్లనే అమ్మితే నీ ఇల్లు మునుగుతది,” అంది. కనకయ్య భార్య ఏడ్చింది. కనకయ్య అలిగి బుచ్చవ్వతో మాట్లాడడమే మానేశాడు. తర్వాత ఉన్న పిండంతా పారబోసి, బియ్యం మళ్లీ నానబోసి, ఇంటి పక్కన గుజరాతీ వాళ్లకు తినిపించి, వాళ్లు మొహం చిట్లిస్తే మళ్లీ చేసి, అలా చేయగా చేయగా ఇప్పుడు కిమ్‌లో ఫ్యాక్టరీ క్యాంటీన్లకు వేస్తున్నాడు. బుచ్చవ్వా, నువ్వు నవ్వకు, నీకు పళ్లు లేవు, నీకు రుచి ఎలా తెలిసిందని అందరూ అడుగుతున్నారు. (నవ్వులు)

ఆ రోజు మన ప్రార్థనలో తప్పు లేదు. ప్రార్థన చేసి, నిజం చెప్పకుండా ఇంటికి పోవడం తప్పు. తమ్ముళ్లూ, చేతిలో ఉన్న పని పోయినప్పుడు కొత్త పని నేర్చుకోవడం చాలా అవమానంగా ఉంటుంది. నేను నేర్చుకుంటున్నాను కాబట్టి చెబుతున్నాను. మొన్న ఒకావిడ తన భర్త చొక్కా నా ముందు పరిచి, “కాకా, చొక్కా చేతికి రెండు మడత గీతలు పడ్డాయి, మళ్లీ చెయ్యి” అంది. ఇన్నేళ్లు నేను ప్రసంగాలు చేశాను, ఒక్కదానికైనా మళ్లీ చెయ్యి అన్నవాళ్లు లేరు. (నవ్వులు) నీళ్లు చల్లి మళ్లీ చేశాను. మన ప్రభువును కూడా సొంత ఊరివాళ్లు వడ్లవాడు, చెక్కపని చేసుకునేవాడు కదా అని తీసిపారేశారు. దానికి ఆయన సంజాయిషీ ఇచ్చుకోలేదు. నేనూ ఇవ్వను. ఆదివారం ఆరాధనకు ఎప్పటిలాగే వస్తాను, జీతం లేకుండా వస్తాను.

ఇక మిగిలింది ఒక్క మాట. అది ఇంట్లో తేలలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను, క్షమించండి. పద్మారాణి నాతో, “అమ్మగారని పిలిపించుకున్నదాన్ని, రోడ్డు మీద నిలబడి గిరాకీని ఎట్ల పిలువాలె?” అంది. ఆ పిలుపు సంఘం ఆమెకు ఊరికే ఇవ్వలేదు. మీ పురుళ్లకూ జ్వరాలకూ తిరిగి తిరిగి సంపాదించుకుంది. నేను పని మార్చుకుంటూ, ఆమెను అడగకుండా ఆమె బతుకు కూడా మార్చేశాను. రాజమల్లు గారి సొమ్ము తీసుకుంటే రేపటి నుంచి మా ఇంట్లో గొడవ ఉండదు. కానీ తీసుకోను. పద్మా, నీకు బండి ఇష్టం లేకపోతే చెప్పు. నలుగురికీ కనపడని చోట, ఏదో కంపెనీలో కాపలాకు కుదురుతాను. పని మాత్రం మానను.

(పద్మారాణి గారు లేచి నిలబడ్డారు. “కాపలాకు ఎందుకు పోవుడు. మీకు కాలర్ చేసుడు ఇంకా రాలే. కాలర్లు నేను చేస్త. గిరాకీని పిలుచుడు మాత్రం నాతోని కాదు.”)

విన్నారు కదా. అయితే గిరాకీని పిలిచే పని నాది. ఇన్నాళ్లు మమ్మల్ని సాకిన మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పొద్దున్నే బండి తీయాలి. మా ఇద్దరికీ సెలవు.