నాలుగో దీర్ఘచతురస్రం

పత్తికొండ దాటినాక మెట్టచేల నడుమ ఉండే ప్రైమరీ బడి. డోన్‌లో ట్రైనింగు ముగించుకొని పొద్దున్నే వచ్చిన నాలుగో తరగతి టీచరు మెహనాజ్‌ను హెడ్మాస్టరు శేషన్న తన గదిలోనే ఆపేసినాడు.

"ఒక్క మాట చాలు మెహనాజ్. 'నేను నేర్పింది తప్పు' అని ఆ పాపకు చెప్పు. తనిఖీ సారు మధ్యాన్నం మళ్ళా వస్తాండాడు."

"తప్పు కానిదాన్ని తప్పని ఎట్ల చెప్పల్ల సార్? అసలు నిన్న ఏం జరిగింది?"

"బోర్డు మీద నాలుగు బొమ్మలు గీసినాడు. మూడు పొడుగువి, ఒకటి చతురస్రం. దీర్ఘచతురస్రాలు ఎన్నని అడిగినాడు. మన శివజ్యోతి నాలుగనింది."

"నాలుగే కదా."

"ఆయన మూడన్నాడు."

"అన్ని మూలలూ లంబకోణాలైతే అది దీర్ఘచతురస్రమే సార్. చతురస్రానికి భుజాలు గూడ సమానం, అంతే తేడా. ఆ మాత్రం..."

"నాకు తెలీదనుకుంటాండావా? నేనూ లెక్కలే చదివినా."

"మరి నిన్న ఎందుకు చెప్పల్యా?"

"ఆయన ముందర నోరు రాలేదమ్మా."

"పాప ఏమనింది?"

"నాలుగే అనింది. మూడని ఒప్పుకునేదాకా బయట నిలబడు అన్నాడు."

"బయటంటే? ఎండలోనా?"

"నిన్న మబ్బు గూడ..."

"సార్. ఎండలోనా?"

"ఆ. అన్నం బెల్లు దాకా. ఆయన జీపెక్కినాకనే లోపలికి పిలిచినా. తలనొప్పి అనింది."

"పసిపిల్లను ఎండలో నిలబెడతాడా! ఎవురిచ్చినారు ఆయనకా హక్కు?"

"గొంతు తగ్గించు. నిన్ను బదిలీ చేపిస్తానన్నాడు."

"చేపీనీ. యాడికేసినా ఆడ గూడ ఇదే నేర్పిస్తా."

"నీకు బదిలీ, సరే. ఆ పాపకు? మళ్ళా ఎండే కదా?"

"పిలవండి సార్ పాపను."

"జ్యోతీ! ఇట్ల రామ్మా."

"మేడం! వచ్చినారా మేడం!"

"తలనొప్పి తగ్గిందా జ్యోతీ?"

"తగ్గింది మేడం. మాయమ్మ టమోటా మార్కెట్ నుంచి వచ్చి తడిగుడ్డ ఏసింది."

"ఇట్ల చూడు. ఆ సారు మళ్ళా అడిగితే... మూడని చెప్పు. ఈ ఒక్కసారికి."

"ఎందుకు మేడం?"

"నేను చెప్తాండా కదా."

"మూడు కాదు మేడం."

"నీకు నేర్పింది నేనే కదా? నేనే మూడంటాండా."

"మీరన్నా మూడు కాదు. అట్టముక్క మూల పెట్టి నేనే చూసినా. అన్నిట్లో సరిపోయింది. ఆ సారును గూడ పెట్టి చూడమన్నా, చూడల్యా."

"మళ్ళా నిలబెడతాడు జ్యోతీ. భయం లేదా నీకు?"

"ఉండాది మేడం. కాళ్ళు శానా కాలినాయి. కానీ మూడు కాదు కదా."

"సార్, ఇంక నావల్ల కాదు. ఆయనొస్తే నాలుగని నేనే చెప్తా. దీన్ని బయటికి పంపితే దీనెంబడి నేనూ పోయి నిలబడతా."

"మీరొక్కరే కాదు మేడం. మన క్లాసోళ్ళమంతా అనుకున్యాం, అందరమూ నిలబడల్ల అని. మా క్లాసులో అందరికన్నా భయస్తుడు లేవి గూడ వస్తానన్యాడు."

"క్లాసంతానా పాపా?"

"అవును సార్. కొట్టినా సరే, పోతాం సార్."

"ఎవురూ కొట్టరు గానీ... ముందు వరసలో నాక్కొంచెం చోటుంచు."