సీసం పొడి

హలో… ఆ, నేనేనమ్మా, గ్వెన్. నాన్నని.

లేదు లేదు, పడిపోలేదు. బానే ఉన్నా… నువ్వు ఓసారి కూర్చో.

…పోసీ ఏం చేస్తోంది? …టోస్టా. తిననీ.

కౌన్సిలావిడ ఇప్పుడే వెళ్లింది. …అవును, మీ ఇంట్లో గోడలూ కుళాయి నీళ్లూ చూసి ఏమీ లేదందే, ఆవిడే. …నేనే రమ్మన్నాను.

ఎందుకంటే… పిల్ల నెత్తుట్లో సీసం ఉందన్నారని నువ్వు చెప్పిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. "ఎక్కణ్ణించి వచ్చింది నాన్నా" అని నువ్వు ఏడుస్తుంటే, నేను నోరు మూసుకుని టీ కలిపాను.

…

నా షెడ్లోంచే, తల్లీ.

…

హలో? …ఉన్నావా?

…మీ అమ్మ కారుకే. తలుపుల కింద తుప్పు కోసేసి కొత్త రేకు అతికాను కదా, ఆ అతుకుల మీద. సీసం కరిగించి, చెక్కతో పామి, నున్నగా… తెలుసు. లప్పం పెట్టమని నువ్వన్నావు. అందరూ అన్నారు. రెండేళ్లకి పొంగి ఊడొస్తుంది, అలాంటి పని నేను చెయ్యను అన్నాను. …ఆ, పొగరే.

…నిజమే, కోవెంట్రీ కార్ల ఫ్యాక్టరీలో యాభై ఏళ్లు ఇదే పని చేశాను, ఎవరికీ ఏం కాలేదు. అప్పుడు ఆకురాయితో రాసేవాణ్ణి. పొట్టు బరువుగా కింద పడేది, ఎత్తి డబ్బాలో పోసేవాణ్ణి. పోయిన చలికాలం నుంచీ నా వేళ్లు ముడుచుకోవట్లేదు గ్వెన్. …నీకు చెప్పలేదు. గరగరా అరగదీసే కరెంటు మిషను కొన్నాను. దాంతో సీసం రుద్దకూడదని ఈ పనిలో మొదటి రోజే చెబుతారు. పొగలా లేస్తుంది పొడి. ఎంతమందిని తిట్టానో నేనే…

…తెలుసమ్మా. తెలిసే చేశాను. అదేగా చెబుతున్నా.

…మాస్కా? పెట్టుకున్నా.

నేను పెట్టుకున్నా.

…

ఆ పొడి నా కోటు మీద ఉంది. నా కుర్చీలో ఉంది. సీసం ఎంతుందో చెప్పే తుపాకీలాంటిదేదో ఆనించి చూసిందావిడ. అంకె చూసి మళ్లీ ఆనించింది. …అవును, ఆ కోటే. మంగళవారం మంగళవారం నువ్వు దించి వెళ్లగానే పిల్ల నా ఒళ్లోకెక్కేది. కోటు బొత్తాం నోట్లో పెట్టుకుని చీకేది. నేను… చీకనిచ్చాను. ముద్దొచ్చింది.

…

తిట్టు. తిట్టమ్మా, ఊరుకోకు.

…ఏడవకు. అది చూస్తుంది.

…సీసం తగలకుండా చూసుకుంటే నెత్తుట్లో అంకె దిగుతుందన్నాడుగా డాక్టరు? …ఊ. మరి మాటలు? …చెప్పలేమన్నాడా. …మూడేళ్లు నిండినా నాలుగు మాటలే అని నువ్వు బెంగపడుతుంటే, నువ్వూ ఆలస్యంగానే మాట్లాడావులే అని నవ్వాను. నవ్వాను గ్వెన్.

…పిల్ల దగ్గరికి రానులే. నువ్వు అడక్కముందే అనుకున్నా. …సరే, మళ్లీ పరీక్ష అయ్యేదాకా. ఆ తర్వాత కూడా వద్దంటే, వద్దు.

…కారు పోనీ. షెడ్డుకి తాళం పడింది. …అమ్మ గుర్తని నాకు చెప్పకు. మీ అమ్మే ఉంటే ఆ కోటు గుమ్మం దాటనిచ్చేదా? మెట్ల మీదే విప్పించేది.

…ఎవరు, అదా? ఫోను కావాలంటోందా? వద్దు, ఇవ్వకు… లేదు, ఇవ్వు. ఇవ్వు.

ఏమే పోసీ! …ఊపిరి వినబడుతోందే, దొంగపిల్లా. జామ్ తిన్నావా? …

…

ఆ. తాతనే. …మళ్లీ అను.

…

మంగళవారం రావద్దే, బంగారూ. తాత ఒళ్లంతా మురికి. చాలా రోజులు కడుక్కోవాలి. …ఊహూ, ఏడవకూడదు. అమ్మకివ్వు ఫోను. …ఆ ఎర్రది కాదు. నొక్కకే, పోసీ, నొక్క—

హలో? …

హలో?