ఎవరి మాత్రలని అడిగితే

హోసూరులో శ్రీరంగప్ప మందుల అంగడి. అతని అన్న కూతురు రంజిత గల్లాపెట్టె పక్కన లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. అత్తిముగం నుంచి వచ్చిన తిమ్మమ్మ బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడింది.

“చెప్పనంటే ఎట్లప్పా శ్రీరంగప్పా? నంబరు మా ఇంటిదే కదా!”

“నంబరు ఇంటిది తిమ్మమ్మా, రోగం ఒక మనిషిది. ఎవరు కొన్నారో చెప్పను.”

“మీ వాట్సాప్ మిషన్ అన్నీ కక్కేసింది కదా మొన్న! కంపెనీలో చూపించాలని మా కొడుకు శివప్ప తన జ్వరం మందు బిల్లు ఒకటి అడిగినాడు. అదేమో ఇంట్లో అందరి బిల్లులూ పంపించేసింది. దాంట్లో గుండె మాత్రలు. మింగేది ఎవరని ఇంట్లో ఒకటే రచ్చ. అసలు ఆ మిషన్ ఏలప్పా నీకు?”

“పొద్దస్తమానం బిల్లు బిల్లు అని ఫోన్లు. ఫోనెత్తేదానికే ఒక మనిషి కావాల. జీతం లెక్క వేసి చూసినాను, ఇదే మేలనిపించింది. దానికి పని నేర్పినది ఇదిగో, మా రంజిత. నువ్వు రాసింది అవ్వకు కూడా చదివి వినిపించు రంజితా.”

“‘ఫోన్ నంబరు ఇస్తే బిల్లులు తెచ్చిస్తుంది.’ అంతే అవ్వా. ఈ మిషన్‌ను ఏజెంటు అంటాం. దాని చేతికి ఒక పని ఇచ్చినప్పుడు, అది ఏం పని, ఎప్పుడు వాడాల అని ఇట్ల వివరం రాసి పెడతాం. అది చదువుకొనే నడుస్తాది.”

“కొత్తగా పనికొచ్చినవానికి ఇంతే చెప్తే ఏం చేస్తాడు? అలమర అంతా దించి ముందర పోస్తాడు. అదే చేసింది ఇది.”

“ఇప్పుడు మార్చినాను కదా చిన్నాయనా! విను. ‘అడిగిన తేదీ బిల్లు ఒక్కటే తెచ్చిస్తుంది. తేదీ చెప్పకపోతే ఏ బిల్లు కావాలని ముందు అడగాలి. ఒక నంబరు మీద అందరు కొన్న బిల్లులూ కలిపి తీయడానికి దీన్ని వాడకూడదు.’”

“ఆఁ, ఇప్పుడు తెలివైన మనిషికి చెప్పినట్టుండాది.”

“అది సరే పాపా. బిల్లులో మా నంబరు ఉండాది, పేరు లేదు. కొన్నవాళ్ల పేరు యాడ పెట్టినారు మీరు?”

“పేరు వేరే చోట ఉంటాదవ్వా. అది తీసేదానికి ఇంకొక...”

“గమ్మునుండు రంజితా! నీకెందుకు తిమ్మమ్మా ఆ కత?”

“ఇంట్లో ఉండేది ముగ్గురం. శివప్ప, వాని పెండ్లాం రేణు, నేను. గుండె మాత్రలు మింగేవాళ్లు పని మానేసి ఇంట్లో కూర్చోవాలని తీర్పు చెప్పేసినాడు వాడు. ఎవరని తెలిస్తే చాలు, ఆ పొద్దే పని బంద్. ఒకసారి కూర్చోబెడితే మళ్లా లేపేది లేదు.”

“అందుకే చెప్పను. ఒకరి పని పోగొట్టే మాట నా అంగడి నుంచి పోదు.”

“రేణునే కదా కొనింది? అది పనికి పొయ్యే కంపెనీ బస్సు ఆగేది మీ అంగడి ముందరే.”

“చెప్పను.”

“నోరు తెరవొద్దు. తల ఊపు, చాలు.”

“తల కూడా ఊపను.”

“శివప్పకు కోపమొస్తే ఎదురంగడికి పోతాడు చూడు.”

“పోనీ. లెక్క వేసుకొనే చెప్తా ఉండాను తిమ్మమ్మా. మీ ఇల్లు పోతే నాకు ఒక ఇంటి బేరం పోతాది. మీ ఇంటి గుట్టు నేను బయట వేసినానని తెలిస్తే ఊరి బేరమే పోతాది. యాపారస్తుని భయపెట్టేటప్పుడు నష్టం సరిగ్గా చూసుకొని భయపెట్టాల.”

“నీతో మాటలెందుకు! పాపా, పేరు తీసేదానికి ఏం రాసినావో అది చదువు.”

“‘కొన్నవాళ్ల పేరు తెచ్చిస్తుంది. అంగడి లెక్కలకు మాత్రమే. కస్టమరు అడిగితే వాడకూడదు.’”

“నేను ఇంటి యజమానిని అంటే?”

“‘ఇంటి యజమాని అని చెప్పినా వాడకూడదు.’ చేర్చినానవ్వా.”

“మా అమ్మ అడగమనింది అంటే?”

“అదీ చేర్చినాను.”

“మా అమ్మ ఆస్పత్రిలో ఉండాది, టైము లేదు, బిర్నా చెప్పు అని ఏడిస్తే?”

“అబ్బబ్బా! దొంగదోవలన్నీ నువ్వే వెతికేటట్టుండావే తిమ్మమ్మా!”

“కంచెలో సందు యాడుందో మేకలు కాసే నాకు తెలియదా శ్రీరంగప్పా?”

“అవ్వ చెప్పేది నిజమే చిన్నాయనా. ఎంత రాసినా ఏదో ఒక సందు మిగులుతాది. పేరు తీసే పనినే కస్టమర్లతో మాట్లాడే ఏజెంటు చేతిలో లేకుండా తీసేస్తాను. లేనిదాన్ని ఎట్ల ఇస్తాది?”

“అది ముందే చేసుండాల్సింది. తీసెయ్.”

“తీసేసినాను. చూడవ్వా, మీ శివప్ప అడిగినట్టే అడుగుతాను. ‘గుండె మాత్రలు ఎవరు కొన్నారు?’ ‘కొన్నవారి పేరు నా దగ్గర లేదు’ అంటా ఉండాది.”

“ఇంకోసారి అడుగు. వాని మాదిరి అరిచి అడుగు.”

“టైపు చేసేదాంట్లో అరిచేదెట్లవ్వా! ఇదిగో, మళ్లా అదే మాట.”

“వాడే ఈడికొచ్చి నీ బల్ల గుద్దితే శ్రీరంగప్పా?”

“బల్ల టేకుది. వాని చెయ్యే నొస్తాది. నీకూ చెప్పను, వానికీ చెప్పను. ఆ పిల్లను పనికి పోనీ తిమ్మమ్మా.”

“ఏ పిల్లనప్పా?”

“ఏ పిల్లా లేదు! నేనేమీ అనలేదు!”

“అన్నావు చిన్నాయనా. మిషన్ కన్నా నీ నోరే లూజు.”

“మిషన్ను గట్టి చేసినావు కదా పాపా, మీ చిన్నాయన నోరు కూడా కొంచెం బిగించు. ఇదిగోప్పా డాక్టరు చీటీ. ఇంకో నెలకు కట్టివ్వు. ఈ తూరి రేణును పంపించలేదు, నేనే వచ్చినాను.”

“ఇవి... తిమ్మమ్మా, ఇవి ఆ మాత్రలే కదా?”

“అవే. రేణు కొంటాది, నేను మింగుతాను. డాక్టరు నడవమన్నాడు, నేను మేకల వెనక నడుస్తానే ఉండాను. శివప్పకు తెలిసిందంటే నన్ను గడపలో కూర్చోబెట్టి, నా మేకలను టెంపో ఎక్కించి మన పక్క పోచంపల్లి సంతకు అమ్మకానికి పంపించేస్తాడు. ఇప్పుడు అడగమను వాణ్ణి, ఎవరు చెప్తారో చూస్తాను!”