కాగితానికి రెండోవైపు

పది దాటింది. నర్సింగ్‌హోమ్ పైహాల్లో కుర్చీలు వేసేశారు. పదకొండింటికి పేషెంట్ల రికార్డుల యాప్ ప్రారంభం. కింద గదిలో డాక్టరుగారూ, ఆ యాప్ తయారుచేసిన అమ్మాయీ ఎదురెదురుగా కూర్చున్నారు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో ఒక పేషెంటు చావుని ఈ అమ్మాయి తల్లి నెత్తిన రుద్దారు. ఆ కాగితం ఇంకా ఇక్కడే ఎక్కడో ఉంది. అమ్మాయి ఈ యాప్ తయారుచేసింది దానికోసమే. పాపం, డాక్టరుగారికి ఆ సంగతి తెలియదు.

“అది కాదమ్మాయ్, నాలుగు వందల పదకొండు ఫైళ్ళు ఎక్కించాంగా. ఇంకా తెరుచుకోనని మొరాయిస్తుందేంటి?”

“రిజిస్టర్లో నాలుగు వందల పన్నెండు ఉన్నాయి సార్. రెండూ సరిపోతే గానీ తెరుచుకోదు.”

“ఒక్కటేగా. వదిలెయ్.”

“నేను వదిలేస్తాను సార్. యాప్ వదలదు.”

“దాన్ని పుట్టించింది నువ్వేగా!”

“పుట్టించింది నేనే. ఎలా ఉండాలో రాసిన కాగితాల మీద సంతకం మీది. పదకొండో పేజీ.”

“పదకొండో పేజీ ఎవడు చదివాడమ్మా? ఆ రోజు బయట ఇసకేస్తే రాలనంత జనం. త్వరగా కానివ్వమన్నాను, గీకి పడేశాను.”

“అవును సార్. మీకు తొందరెక్కువని విన్నాను.”

“ఎవరన్నారు?”

“ఇక్కడ పనిచేసినవాళ్ళే. పొగడ్తగానే అన్నార్లెండి.”

“ఆఁ, అదీ. డాక్టరన్నాక తొందర ఉండాలి. ఇంతకీ తెరవగానే నా ఫోటో రావాలన్నాను, పెట్టావా?”

“తెరవగానే ఏంటి సార్, ప్రతి పేజీ మీదా పెట్టాను. ఏ కాగితం తీసినా పైన మీరే నవ్వుతూ ఉంటారు.”

“భేష్! డాక్టర్ల సంఘం పెద్దలంతా వస్తున్నారు. వచ్చే నెల అధ్యక్షుడి ఎన్నిక. ఈ యాప్ చూసి నోళ్ళు తెరవాలి. తీరా ఇవాళే చూడు, నా గొంతు ఇలా బొంగురుపోయింది. సిస్టర్! సిస్టర్!”

“వచ్చాను సార్.”

“రాత్రి జ్వరం కూడా తగిలింది. ఇదిగో, ఈ ఇంజెక్షన్ తీసుకురా. ఇది పడితే గానీ ఉపన్యాసం చెప్పలేను.”

“ఇప్పుడే ఇచ్చెయ్యమంటారా సార్?”

“ఇచ్చెయ్యడమేంటి? టెస్ట్ డోస్ చెయ్యవూ? పడనివాళ్ళకి ప్రాణం మీదికొచ్చే మందది!”

“ఇరవై నిమిషాలు ఆగాలి సార్. తొందర్లో ఉన్నారు కదాని...”

“ఎంత తొందరైతే మాత్రం? ఇక్కడున్నది నా ప్రాణం తల్లీ! ముందు టెస్ట్, తర్వాతే మందు. ట్రే సర్దుకురా, పో.”

“అలాగే సార్.”

“మంచి అలవాటు సార్, టెస్ట్ చేయించుకోవడం.”

“అలవాటు కాదమ్మాయ్, పద్ధతి. ఇక్కడ ఏది జరిగినా పద్ధతి ప్రకారమే.”

“ఎప్పట్నించి సార్?”

“ఎప్పట్నించేంటి? మొదట్నించీ! సరేగానీ, ఆ ఎక్స్‌రేల సంగతేం చేశావ్? మొన్నెవరో ఫిల్మ్ తిరగేసి ఎక్కించారు. ఒకాయన గుండె కుడివైపుకొచ్చి కూర్చుంది. చూసినవాళ్ళు నవ్విపోతారు.”

“తిప్పే బటన్ పెట్టాను సార్, మీరడిగారని. ఇదిగో. నొక్కితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది.”

“మరి మసకబారిన పాత ఫిల్ములో?”

“దాని పక్కనే ఇంకోటి. ఇలా వేలితో జరిపితే కనీకనబడని గీత కూడా నల్లగా తేలిపోతుంది. అదీ మీరడిగిందే.”

“చూశావా! ఈ డిజైన్లో సగం బుర్ర నాది. ఉపన్యాసంలో చెప్పాలి.”

“తప్పకుండా చెప్పండి సార్. నేనూ అదే చెప్పుకుందామనుకుంటున్నాను.”

“సరే, ఆ మిగిలిందెవరి ఫైలు?”

“తొమ్మిదేళ్ళ కిందట చనిపోయిన లెక్కల మాస్టారిది సార్. రికార్డు గదిలో ఎంత వెతికినా దొరకలేదు.”

“ఆ... అదా. అది నా అల్మారాలో ఉందిలే.”

“విడిగా ఎందుకు సార్?”

“అదో తలనొప్పి. విచారణకెళ్ళిన ఫైలు పదేళ్ళు దాచాలని రూలు. విచారణవాళ్ళు రిజిస్టర్లో ఎర్రసిరాతో రాసి మరీ పోయారు. ఇంకొక్క ఏడాది ఆగితే చించి పారేసేవాణ్ణి.”

“అవును సార్. ఇంకొక్క ఏడాదే.”

“ఏంటీ?”

“ఏం లేదు. విచారణ దేనికి సార్?”

“ఒక నర్సు ఉండేది, మొండిఘటం. ఇదే మందు. టెస్ట్ చెయ్యకుండా పొడిచేసింది. పది నిమిషాలు, అంతే, మనిషి మంచం మీదే పోయాడు. నేను రాసింది రాసినట్టు చేసుంటే బతికేవాడు.”

“మీరేం రాశారు సార్?”

“‘టెస్ట్ చేశాకే ఇవ్వాలి’ అని. నల్లగా, ముత్యాల్లాంటి అక్షరాలు. విచారణవాళ్ళకి జిరాక్స్ పంపాను. చూశారు, తల ఊపారు, తేలిపోయింది.”

“జిరాక్సా? అసలు కాగితం అడగలేదా?”

“ఎందుకడుగుతారు? జిరాక్స్ అంత శుభ్రంగా ఉంటే!”

“చాలా శుభ్రంగానే వచ్చుంటుంది సార్. ఆ నర్సేమైంది?”

“ఏమవుతుంది? తీసేశాను. ఆ తర్వాత ఎవరూ గడప తొక్కనివ్వలేదని విన్నాను. ఏ మూలో బతుకుతుంటుందిలే. మనకెందుకు?”

“మనకెందుకులెండి.”

“ఉండు, ఫోను. హలో... ఆఁ, రండి రండి... ఎక్కడిదాకా వచ్చారు? మలుపు తిరిగారా? అయ్యో, మీకోసమే చూస్తున్నాం... విన్నావా? అధ్యక్షుడు వచ్చేస్తున్నాడు. అమ్మాయ్, ఎలాగోలా ఆ యాప్ తెరువు.”

“ఎలాగోలా తెరుచుకోదు సార్. ఫైలు ఇస్తే రెండు నిమిషాలు.”

“అబ్బబ్బ! తల ప్రాణం తోకకి తెస్తున్నావు. ఇదిగో, ఒక్క కేసు షీటే. ఫోటో తీసుకో. త్వరగా కానివ్వు.”

“బల్ల మీద పరవండి సార్. చెయ్యి తీసెయ్యండి. ఇక్కడ తెల్లగా ఏంటి?”

“వైట్‌నర్. చెయ్యి జారి ఏదో తప్పు పడితే దిద్దుకున్నాను. అందరూ చేసేదే.”

“అందరూ చేసేదే. ముందువైపు అయింది సార్. ఇప్పుడు తిరగెయ్యండి.”

“తిరగేస్తే ఏముంది, ఖాళీ.”

“ప్రతి కాగితానికీ రెండువైపులా అడుగుతుంది సార్.”

“ఖాళీదానికి కూడానా? బుర్ర తక్కువ యాప్!”

“నాలుగు వందల పదకొండు ఫైళ్ళకీ అలాగే తీశాం. ఎవరూ ఏమీ అనలేదు.”

“తియ్యి, తియ్యి. ఖాళీని ఫోటో తీసుకుని ఏం చేసుకుంటావో.”

“వేలు పెట్టండి సార్. ‘ఇది అసలు కాగితమే, రెండువైపులా నేను చూశాను’ అని.”

“ఇదిగో వేలు. అయిందా?”

“అయింది సార్. నాలుగు వందల పన్నెండు. తెరుచుకుంది.”

“హమ్మయ్య! నేను పైకి వెళ్ళి...”

“ఒక్క నిమిషం సార్. మీ బటన్లు రెండూ ఎలా పనిచేస్తాయో చూసి వెళ్ళండి. పైన అడుగుతారు కదా.”

“ఊఁ, చూపించు. ఇదేంటి, తెల్లగా?”

“మాస్టారి కాగితానికి వెనకవైపు. ఖాళీయే. సార్, మీరు బాగా నొక్కి రాస్తారు కదూ?”

“చిన్నప్పట్నించీ అంతే. నా దెబ్బకి పెన్ను ములుకులు అరిగిపోతాయి. అయితే?”

“అయితే ఏం లేదు. మసక తీసే బటన్ జరుపుతున్నాను. చూడండి. కనిపిస్తోందా?”

“ఏవో గీతలు... వంకరటింకర...”

“తిరగబడ్డాయి సార్, ఆ ఎక్స్‌రేలో గుండెలాగే. మీ రెండో బటన్ ఇక్కడుంది. నొక్కండి.”

“అక్కర్లేదు. మూసెయ్.”

“నేను నొక్కుతాన్లెండి. ఆఁ. చదవనా?”

“మూసెయ్యమన్నానా!”

“‘టెస్ట్ అక్కర్లేదు. వెంటనే ఇచ్చెయ్.’ ముత్యాల్లాంటి అక్షరాలే సార్. పైన మీ ఫోటో కూడా చక్కగా నవ్వుతోంది. వైట్‌నర్ ముందువైపే పూసి, ఆ పూత మీద కొత్తమాట రాశారు. కాగితానికి రెండోవైపు ఉంటుందన్నది తొందర్లో మర్చిపోయారు.”

“ఎవరే నువ్వు?”

“ఆ మొండిఘటం కూతుర్ని.”

“తీసెయ్. అది తీసెయ్ ముందు. ఎక్కడ నొక్కాలి? చెప్పు!”

“తీసెయ్యడానికి బటన్ లేదు సార్. మీరు అడగలేదు.”

“చూడమ్మా, విను. ఆ రోజు బయట డెబ్భై మంది. అందరికీ ఇరవయ్యేసి నిమిషాలు టెస్టులంటూ కూర్చుంటే... వెయ్యి మందిలో ఒకడికి పడదు. ఆ ఒక్కడూ ఆయనే అవుతాడని నాకేం తెలుసు?”

“మా అమ్మ రెండుసార్లు అడిగింది. టెస్ట్ చెయ్యలేదు సార్, అని. మూడోసారి అడిగితే మీరు కాగితం లాక్కుని రాసిచ్చారు. రాసిచ్చాకే ఇచ్చింది. మర్నాడు ఆ కాగితం చూపించమని ఇదే గుమ్మంలో నిలబడితే మెడ పట్టి గెంటించారు.”

“తప్పయిపోయింది. మనిషన్నాక...”

“మీకు అయిదు నిమిషాల్లో తేలిపోయింది. మాకు తొమ్మిదేళ్ళు పట్టింది. మా వీధిలో ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా మా ఇల్లు దాటించి తీసుకుపోయేవాళ్ళు, మా అమ్మ చెయ్యి ఎక్కడ తగులుతుందో అని. అమ్మ వారం వారం యూనిఫాం ఉతుకుతుంది, ఇస్త్రీ చేస్తుంది, పెట్టెలో పెడుతుంది. వేసుకోదు. మాస్టారి భార్య నడివీధిలో మా అమ్మ మొహాన ఉమ్మింది సార్. అమ్మ కొంగుతో తుడుచుకుని ఇంటికొచ్చి, ఆవిడ తప్పేం లేదే, అంది. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ ఉమ్ము ఎవరి మొహాన పడాలో అక్కడ పడేదాకా నిద్రపోకూడదనుకున్నాను.”

“ఏం కావాలో చెప్పు. మీ అమ్మని రేపే తీసుకుంటాను. హెడ్ సిస్టర్ని చేస్తాను. అందరి ముందూ దండ వేస్తాను!”

“దండ మీకోసం తెప్పించుకున్నారు కదా, ఉంచుకోండి.”

“మరేం కావాలి?”

“మీ పరువు. మా అమ్మది ఎంత పోయిందో అంత. అందులో ఒక్క పిసరు తగ్గినా ఒప్పుకోను.”

“కొంప ముంచకమ్మా! ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. ఇంకా ఎవరూ చూడలేదుగా?”

“పదకొండో పేజీ చదవలేదన్నారు కదూ? రికార్డు పూర్తవగానే పేషెంటు ఇంటివాళ్ళ ఫోనుకి దానంతటదే వెళ్ళిపోతుంది. ఇందులో మాస్టారి భార్య నంబరుంది. నేనే వెళ్ళి అడిగి తెచ్చాను. నా మొహాన కూడా తలుపేసింది, అయినా ఇచ్చింది.”

“వెళ్ళిందా?”

“మీరు వేలు పెట్టగానే వెళ్ళింది. బటన్లు నొక్కాక తేలిందీ దాని వెనకే వెళ్ళింది.”

“సిస్టర్! సిస్టర్! ఎక్కడ చచ్చావ్? ఈ పిల్లని బయటికి గెంటు! పైన అందర్నీ కాస్త ఆగమను!”

“వచ్చాను సార్. పైన ఎవరూ లేరు. వచ్చినవాళ్ళందరూ కిందే ఆగిపోయారు. మాస్టారి భార్య ఫోను చేతులు మారుతోంది. ఇప్పుడు అధ్యక్షుడుగారి చేతిలో ఉంది.”

“ఆవిణ్ణి ఎవరు రానిచ్చారు?”

“నేనే సార్, ఈ అమ్మాయి రమ్మందంటే. పాత సిస్టరు కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మాస్టారి భార్య ఆ సిస్టరు చెయ్యి పట్టుకుని వదలట్లేదు, ఒకటే ఏడుపు.”

“అక్కా, అమ్మ... అమ్మ యూనిఫాం వేసుకొచ్చిందా?”

“వేసుకొచ్చిందమ్మా. ఇస్త్రీ మడత కూడా నలగలేదు.”

“మీ ముచ్చట్లు తర్వాత! ముందు నా ఇంజెక్షన్ ఏదీ? నేను వెళ్ళి వాళ్ళందరికీ చెప్పుకోవాలి. గొంతు పెగలట్లేదు. ఇచ్చెయ్, త్వరగా కానివ్వు!”

“నావల్ల కాదు సార్. ఆ కాగితం చూశాక నోటిమాట మీద మందివ్వలేను. నాకు సూది పట్టడం నేర్పిందే ఆ పాత సిస్టరు. ట్రే ఆవిడే అందుకుంది. ఇదిగో, తలుపు బయటే నిలబడింది.”

“ఆవిడా? వద్దు! ఆవిడ చేత్తో నాకా? వద్దని చెప్పు!”

“భయపడకండి సార్, అంతా పద్ధతి ప్రకారమే చేస్తానంటోంది. టెస్ట్ చేసి ఇవ్వాలో, చెయ్యకుండా ఇచ్చెయ్యాలో, మీ చేత్తోనే కాగితం మీద రాసి పంపమంటోంది.”