జయరాముడు పెట్టించిన కంప్లెయింట్ బటన్

హేమావతి ధర్మవరంలో చౌడప్ప టీ అంగడికి మండిపడుతూ వచ్చింది. తాను నేసిన మామిడిపండు రంగు పట్టుచీర, ఆన్‌లైన్‌లో అమ్మే యాప్‌లో బూడిద రంగులో కనబడుతోంది. ఆ బూడిద రంగు చూసి కొన్నామె, వచ్చింది వేరే రంగని చీర వాపసు పంపింది. కంపెనీవాళ్ళకు తప్పు చెబుదామంటే యాప్‌లో దారే లేదు. అంతా ఇంగ్లీషు.

ఆమె గోడు విని, చీరల వ్యాపారి జయరాముడు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"దానికే ఇంత బాధ ఎందుకు హేమమ్మా? నాకూ అట్లనే అయినప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తి."

"ఎత్తినారా?"

"యాడ ఎత్తుతారు! కోపమొచ్చి, కంపెనీ ఉండే బెంగుళూరికి రైలెక్కితి. తిట్లు రైల్లోనే మొదలుపెడితి. నా గొంతుకు పెనుకొండ కోటలో రాళ్ళు దొర్లె. హిందూపురంలో డ్రైవరు దిగొచ్చి, 'అన్నా, ఇంజను అదురుతాంది, రోంత మెల్లగ తిట్టన్నా' అని దండం పెట్టె. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఆఫీసులో ఇంజనీర్లందరికీ పట్టుచీరలు కట్టించి ఎండలో నిలబెడితి. 'ఏం రంగురా ఇది? చెప్పండి!' అంటి."

"మొగోళ్ళకు గూడానా అప్పా?" అన్నాడు చౌడప్ప, టీ వడగడుతూ.

"మీసాలున్నోళ్ళకే ముందు! యాప్‌లో తప్పును వాళ్ళు బగ్గంటారు. బగ్గంటే పురుగే కదా, చేట తెప్పించి కంప్యూటర్లన్నీ చెరిగిస్తే మూడు బస్తాల పురుగులు రాలె. లారీకేసుకొని వస్తాంటే సోమందేపల్లి కాడ ఒక బస్తా చినిగె. వాటిని తిన్న కోళ్ళు ఈపొద్దుకీ ఇంగ్లీషులోనే కూస్తాండాయి!"

అందరూ పగలబడి నవ్వారు. హేమావతికి నవ్వు రాలేదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నెలంతా నేసింది ఆమె, వీళ్ళకది నవ్వులాట.

"కడాకు ఓనరు నా కాళ్ళు పట్టుకొనె," జయరాముడు ఆగలేదు. "'ఏం కావాలన్నా?' అంటే, 'మా అవ్వ గూడా నొక్కేట్ల ఒక బటన్ పెట్టు. నొక్కి, మన తెలుగులో నోటికొచ్చినట్ల తిడితే చాలు, తప్పేందో అదే రాసుకోవల్ల' అంటి. నేనాడుండంగానే పెట్టిరి!"

హేమావతి లేచింది. ఫోన్ తీసి, యాప్ తెరిచి అతని చేతిలో పెట్టింది.

"నొక్కన్నా. నా నోటినిండా తిట్లుండాయి."

జయరాముడు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. తోచినచోటల్లా పొడిచాడు. తెరమీద సున్నా తిరుగుతూనే ఉంది.

"మొన్నటిదాకా ఈడనే ఉండె... బటన్ చెడిపోయినట్లుండాది."

హేమావతి ఫోన్ లాక్కుంది.

"అయితే బటన్ చెడిపోయిందని చెప్పేకి ఇంకో బటన్ పెట్టించుకొని రా పో!"