రాగి గొట్టాల మీద బొట్లు

దసరా మర్నాడు. అనకాపల్లిలో ఒక కంప్యూటర్ షాపు. ఒక కుర్రాడు తెచ్చిన కంప్యూటర్‌ను అతని బావ విప్పి చూస్తున్నాడు.

"రెండు గ్రాఫిక్స్ కార్డులు పట్టే మదర్‌బోర్డు బావా! సల్లబడ్డానికి రాగి గొట్టాలు కూడా ఉన్నాయని ఊరంతా సెప్పుకున్నాను. ఇప్పుడు ఆన్ అవ్వట్లేదు."

"కార్డు పెట్టే స్లాట్లో ఈ పసుపేటిరా?"

"ఆయుధపూజని మాయమ్మ పసుపునీళ్లు సల్లేసింది. ఆవిడికేటి తెలుసు?"

"గొట్టాల మీద బొట్లు?"

"అవీ ఆవిడే పెట్టింది."

"కేబినెట్ మూత స్క్రూలు కూడా అత్తే విప్పిందా?"

కుర్రాడు మూత అందుకుని తుడవసాగాడు.

"పొద్దున్నే అత్త నాకు ఫోన్ సేసింది. 'నేనే సల్లేను బాబూ, ఆడినేటీ అనకు' అంది."

"అలా సెప్పమని నేనన్లేదు బావా."